సీబీపీ రిపోర్టులో ఒక చిన్న భాగహారం

మీ ఇంట్లో మందుల డబ్బా పక్కనో, బీరువా పై అరలోనో ఒక ఫైలు ఉంటుంది. అందులో ఎవరిదో ఒకరి సీబీపీ రిపోర్టు లేకుండా ఉండదు. జ్వరం వస్తే సీబీపీ, నీరసం అంటే సీబీపీ, ఆపరేషన్‌కి ముందు సీబీపీ. కాగితం చేతికి రాగానే మనం చూసేవి రెండే. హిమోగ్లోబిన్ ఎంత ఉంది? డెంగీ రోజులైతే ప్లేట్‌లెట్లు ఎన్ని ఉన్నాయి? మధ్యలో తెల్లరక్తకణాల్లో ఏ రకం ఎంత శాతమో రాసి ఉంటుంది. న్యూట్రోఫిల్స్ 62, లింఫోసైట్స్ 30, ఇలా. ఆ రెండు వరుసల్ని మనం దాటేస్తాం.

ఈసారి దాటకండి. మొదటి అంకెని రెండోదానితో భాగించండి. 62ని 30తో భాగిస్తే రెండు, కాస్త చిల్లర. దీనికి న్యూట్రోఫిల్–లింఫోసైట్ నిష్పత్తి అని పేరు, పొట్టిగా ఎన్‌ఎల్‌ఆర్. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో సాధారణంగా ఒకటి నుంచి మూడు మధ్య ఉంటుంది. ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఎంతుందో చెప్పే గుర్తుల్లో బాగా చవకైనవాటిలో ఇదొకటి. ఇన్‌ఫ్లమేషన్ అంటే పైకి కనిపించే వాపు ఒక్కటే కాదు. దెబ్బ తగిలినా, క్రిమి చొరబడినా, లోపల ఏదైనా తేడా చేసినా ఒళ్లు మొదలుపెట్టే పోరాటం మొత్తం అదే.

కాలేయ క్యాన్సర్ వచ్చిన మనిషికి కాలేయం మార్చాలా వద్దా అన్న నిర్ణయంలో ఈ భాగహారానికి చోటుందా అని డాక్టర్లు పదిహేనేళ్లకు పైగా వాదించుకుంటున్నారు. ఇది వాళ్ల గొడవే అనుకోవడానికి వీల్లేదు. మన దేశంలో మార్చే కాలేయాల్లో ఎక్కువ భాగం బతికున్నవాళ్లు ఇచ్చేవే. అంటే ఇంట్లో ఒకరు పడుకుంటే, ఇంకొకరు కూడా ఆపరేషన్ బల్ల ఎక్కాలి. అందుకే ఆ అంకె ఏం చెబుతుందో, ఏం చెప్పదో మనకి తెలియాలి.

ముందు అసలు సంగతి. క్యాన్సర్ వస్తే కాలేయం ఎందుకు మార్చడం, గడ్డ ఉన్నంత మేర కోసి తీసేస్తే పోదా? కొందరికి పోతుంది కూడా. కానీ కాలేయంలో పుట్టే క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించే హెపటోసెల్యులార్ కార్సినోమా మామూలుగా మంచి కాలేయంలో మొలవదు. హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, మద్యం, ఈమధ్య షుగర్‌తో జతకట్టి వస్తున్న కొవ్వు కాలేయం... ఇవి ఏళ్ల తరబడి కాలేయాన్ని గాయపరుస్తాయి. గాయం మానుతుంది, మచ్చ మిగులుతుంది. మళ్లీ గాయం, మళ్లీ మచ్చ. చివరికి కాలేయమంతా గట్టిపడి సిరోసిస్ అవుతుంది. ఈ క్యాన్సర్లలో నూటికి ఎనభై పైచిలుకు అలాంటి నేలలోనే పుడతాయి. ఒక గడ్డ కోసేసినా ఆ నేల అక్కడే ఉంటుంది, ఇంకో చోట ఇంకోటి మొలవచ్చు. పైగా గట్టిపడిన కాలేయంలో సగం కోసేస్తే మిగిలిన సగం మనిషిని మోయలేదు. మార్చేస్తే గడ్డా పోతుంది, దాన్ని పుట్టించిన నేలా పోతుంది. ఆలోచన అది.

అమెరికాలోని డెన్వర్‌లో థామస్ స్టార్జల్ 1963లో మొదటిసారి మనిషికి కాలేయం మార్చారు. ఆ బిడ్డ బతకలేదు. 1967లో మొదటిసారి ఒక పసిపిల్ల మార్చిన కాలేయంతో ఏడాదికి పైగా బతికింది. ఆ పాపది కాలేయ క్యాన్సరే. కొత్త కాలేయం బాగానే పనిచేసింది, ప్రాణం తీసింది మాత్రం తిరగబెట్టిన క్యాన్సర్. ఆ తర్వాత చాలా ఏళ్లు ఇదే కథ. పెద్ద పెద్ద గడ్డలున్నవాళ్లకి మార్చేవారు, ఏడాదికో రెండేళ్లకో క్యాన్సర్ తిరిగొచ్చేది. ఒక దశలో క్యాన్సర్ వాళ్లకి కాలేయం మార్చడం అవయవాన్ని వృథా చేయడమే అన్న మాట బలంగా వినిపించింది.

ఆ మాటని మార్చింది 1996లో ఇటలీలోని మిలాన్ నుంచి వచ్చిన ఒక పేపర్. విన్సెంజో మజాఫెరో బృందం ఒక నియమం పెట్టుకుంది. గడ్డ ఒక్కటే అయితే 5 సెంటీమీటర్లు మించకూడదు. ఎక్కువుంటే మూడు దాటకూడదు, ఏదీ 3 సెంటీమీటర్లు మించకూడదు. రక్తనాళాల్లోకి పాకి ఉండకూడదు, కాలేయం దాటి బయటికి పోయి ఉండకూడదు. ఇలా ఎంచుకున్న 48 మందికి మారిస్తే నాలుగేళ్ల తర్వాత 75 శాతం మంది బతికే ఉన్నారు. ఆ రోజుల్లో అది నమ్మశక్యం కాని ఫలితం. అప్పట్నుంచి ప్రపంచంలో ఎక్కడ కాలేయం మార్చినా ముందు అడిగే ప్రశ్న 'మిలాన్‌లో ఉందా, దాటిందా?' అనే.

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్. రోజూ గీతలు గీయడమే మా పని. ఇంత లోపుంటే పంపు, దాటితే ఆపు. అందుకే మిలాన్ గీతలో గొప్పతనమూ తెలుస్తుంది, లోపమూ తెలుస్తుంది. గొప్పతనం ఏంటంటే స్కాన్ చూసి ఎవరు కొలిచినా దాదాపు ఒకే అంకె వస్తుంది. లోపం ఏంటంటే అది గడ్డ ఎంతుందో కొలుస్తుంది, ఎలాంటిదో కొలవదు. 6 సెంటీమీటర్లకి పెరిగి కూడా ఊరకే కూర్చునే గడ్డ ఉంటుంది. 3 సెంటీమీటర్లు కూడా లేకుండానే రక్తంలోకి కణాలు వదిలేసే గడ్డ ఉంటుంది. మొదటిదాన్ని మిలాన్ ఆపేస్తుంది, రెండోదాన్ని పంపిస్తుంది. మిలాన్ లోపలున్నవాళ్లలో కూడా నూటికి పది, పదిహేను మందికి క్యాన్సర్ తిరగబెడుతుంది. తిరగబెడితే చేయగలిగింది తక్కువ. ఎందుకంటే కొత్త కాలేయాన్ని ఒళ్లు తిప్పికొట్టకుండా టాక్రోలిమస్ లాంటి మందులు జీవితాంతం వాడాలి. అవి అణిచేది మన రోగనిరోధక శక్తినే. క్యాన్సర్ కణాన్ని పట్టుకోవాల్సిన కాపలాదారుకే నిద్రమాత్ర ఇచ్చినట్టు.

మరి గడ్డ స్వభావం తెలుసుకోవడం ఎలా? సూది పెట్టి ముక్క తీయొచ్చు. కానీ సూది వెళ్లిన దారిలో కణాలు పడే ప్రమాదం కాస్త ఉంటుంది. గడ్డలో ఒక మూల ఉన్నట్టు ఇంకో మూల ఉండదు కూడా. అందుకే డాక్టర్లు రక్తం వైపు చూశారు. ఏఎఫ్‌పీ అనే ప్రొటీన్ ఒక దారి చూపింది. గడ్డ స్రవించే ఈ ప్రొటీన్ బాగా పెరిగి ఉంటే గడ్డ దూకుడు మీద ఉందని అర్థం. ఫ్రాన్స్ వాళ్లు 2012లో ఏఎఫ్‌పీని కలిపి ఒక స్కోరు తయారుచేశారు. అమెరికాలో ఏఎఫ్‌పీ 1000 దాటినవాళ్లకి చికిత్స చేసి అది 500 కిందికి దిగాకే క్యాన్సర్ రోగులకిచ్చే అదనపు ప్రాధాన్యం ఇస్తారు. కానీ ఏఎఫ్‌పీ అందరిలో పెరగదు. చాలామందిలో క్యాన్సర్ ఉన్నా మామూలుగానే ఉంటుంది.

ఇక్కడ మన భాగహారం వస్తుంది. న్యూట్రోఫిల్స్ ఒంట్లో ఎక్కడ మంట రేగినా ముందు పరిగెత్తే కణాలు. లింఫోసైట్స్ శత్రువెవరో పోల్చుకుని వెతికి చంపేవి. క్యాన్సర్ కణాన్ని చంపగల టీ కణాలు, ఎన్‌కే కణాలు ఈ గుంపులోవే. తెలివైన గడ్డ చేసే పని ఏంటంటే, తన చుట్టూ ఎప్పుడూ మంట రగిలేలా సంకేతాలు పంపుతుంది. న్యూట్రోఫిల్స్ వచ్చి చేరతాయి. మంట ఆర్పడానికి వచ్చినవే గడ్డకి కొత్త రక్తనాళాలు మొలిపించే పదార్థాలు, కట్టడాల్ని కరిగించి దారి చేసే ఎంజైములు వదులుతాయి. అదే సమయంలో లింఫోసైట్స్ తగ్గినా, నీరసించినా గడ్డకి అడ్డు ఉండదు. పై అంకె పెరిగి కింది అంకె తగ్గితే భాగఫలం పెరుగుతుంది. జపాన్‌లోని క్యుషూ విశ్వవిద్యాలయం వాళ్లు 2013లో ఒక అడుగు ముందుకేసి, ఎన్‌ఎల్‌ఆర్ ఎక్కువున్నవాళ్ల గడ్డల్నే పరీక్షించారు. గడ్డ చుట్టూ ఐఎల్-17 అనే ఇన్‌ఫ్లమేషన్ సంకేతం, దానితోపాటు ఒక రకం మాక్రోఫేజ్ కణాలు ఎక్కువగా కనిపించాయి. అంటే చేతి నరంలోంచి తీసిన రక్తంలో, కాలేయంలో ఉన్న గడ్డ చుట్టుపక్కల వాతావరణం లీలగా కనబడుతోందన్నమాట.

అంతకుముందే 2009లో న్యూయార్క్‌లో కరీమ్ హలాజున్ బృందం, క్యాన్సర్ కోసం కాలేయం మార్పించుకున్న 150 మంది రికార్డులు తిరగేసింది. ఆపరేషన్‌కి ముందు ఎన్‌ఎల్‌ఆర్ 5 లేదా అంతకన్నా ఎక్కువున్నవాళ్లలో ఐదేళ్ల తర్వాత క్యాన్సర్ లేకుండా ఉన్నది సుమారు 25 శాతం. తక్కువున్నవాళ్లలో సుమారు 75 శాతం. 2017లో ఇదే పరిశోధకులు మోరల్ అనే స్కోరు తెచ్చారు. ఆపరేషన్‌కి ముందే లెక్కేసే భాగంలో గడ్డ 3 సెంటీమీటర్లు దాటితే 3 పాయింట్లు, ఏఎఫ్‌పీ 200 దాటితే 4, ఎన్‌ఎల్‌ఆర్ 5 అయినా, దాటినా 6. ఎక్కువ పాయింట్లంటే ఎక్కువ ప్రమాదం. గమనించారా, అన్నిటికంటే ఎక్కువ బరువు ఈ సీబీపీ భాగహారానికే.

ఇంత బలమైన అంకె అయితే ఈపాటికి నియమాల్లోకి ఎక్కేసి ఉండాలి కదా. ఎక్కలేదు. 2018లో వచ్చిన న్యూయార్క్–కాలిఫోర్నియా స్కోరులో కూడా హలాజున్ ముఖ్యులు. అందులో ఎన్‌ఎల్‌ఆర్ లేదు. గడ్డ సైజు, సంఖ్య, చికిత్సకి ఏఎఫ్‌పీ ఎలా స్పందించింది అన్నవే ఉన్నాయి. జపాన్ వాళ్ల 5-5-500 నియమంలోనూ లేదు. అక్కడ 5 సెంటీమీటర్ల లోపు, ఐదు గడ్డల లోపు, ఏఎఫ్‌పీ 500 లోపు అన్నదే లెక్క.

ఎందుకు లేదు? 'చిన్న అధ్యయనాలు కాబట్టి' అనేది తేలికగా దొరికే జవాబు. అందులో నిజం లేకపోలేదు. 2009 నాటి 150 మందిలో ఎన్‌ఎల్‌ఆర్ ఎక్కువున్నవాళ్లు 13 మందే. పదముగ్గురిలో ఇద్దరు అటు కాకుండా ఇటు ఉంటే శాతం పదిహేను మారిపోతుంది. కానీ మిలాన్ కూడా 48 మందితోనే మొదలైంది కదా? అసలు తేడా అంకెల సంఖ్యలో కంటే అంకె స్వభావంలో ఉంది. గడ్డ సైజు ఈ సోమవారం కొలిచినా వచ్చే సోమవారం కొలిచినా ఇంచుమించు అంతే. ఎన్‌ఎల్‌ఆర్ అలా కాదు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా, పన్ను పుచ్చి చీము పట్టినా, స్టెరాయిడ్ మాత్ర వేసుకున్నా పెరిగిపోతుంది. పైగా వీళ్లలో ఎక్కువమందికి సిరోసిస్ ఉంటుంది. సిరోసిస్‌లో ప్లీహం ఉబ్బి తెల్లకణాల్ని, ప్లేట్‌లెట్లని పట్టేసుకుంటుంది, కాబట్టి లెక్క మొదట్లోనే వంకర. హద్దు ఎక్కడ పెట్టాలన్న దానిమీద కూడా మాట కుదరలేదు. ఒకరు 5 అన్నారు, క్యుషూ వాళ్లు 4 అన్నారు, ఇంకా కిందికి దించినవాళ్లూ ఉన్నారు.

పోనీ వేరే ఇన్‌ఫ్లమేషన్ గుర్తులు చూద్దామంటే వాటికీ ఇదే తంటా. సీఆర్‌పీ సంగతే తీసుకోండి. కరోనా రోజుల్లో ఊరూరా తెలిసిపోయిన పరీక్ష. సీఆర్‌పీని తయారుచేసేదే కాలేయం! కాలేయం దెబ్బతిన్న మనిషిలో సీఆర్‌పీ తక్కువుందంటే మంట లేదని అర్థమా, తయారుచేసే ఓపిక లేదని అర్థమా? ప్లేట్‌లెట్లని లింఫోసైట్స్‌తో భాగించే ఇంకో నిష్పత్తి ఉంది. దాన్ని ప్లీహమే తారుమారు చేస్తుంది.

ఇది కాగితం మీద చదివితే సరిగ్గా అందదు. మా మావయ్య విషయంలో నాకు అందింది. తెనాలిలో ఉంటారు. హెపటైటిస్ బి వల్ల సిరోసిస్, దానిమీద మూడున్నర సెంటీమీటర్ల గడ్డ ఒకటి. మిలాన్ లోపలే. ఏఎఫ్‌పీ 40. మా బావకి ముప్ఫై రెండేళ్లు, చిన్నపాప ఉంది. కాలేయం తనే ఇస్తానన్నాడు. ఒక రాత్రి ఫోన్ చేసి, "ఒరేయ్, నువ్వు డేటా చూస్తావు కదా, నాన్న సీబీపీలో న్యూట్రోఫిల్స్ 81, లింఫోసైట్స్ 13 ఉన్నాయి. భాగిస్తే ఆరు దాటింది. ఇలాంటివాళ్లకి తిరగబెడుతుందని ఎక్కడో చదివాను. నా పాపని పెట్టుకుని నేను బల్ల ఎక్కాలా వద్దా?" అన్నాడు. గొంతులో భయం కంటే, అలా అడుగుతున్నందుకు సిగ్గే ఎక్కువ వినిపించింది. "బావా, ఆ ప్రశ్న నాకు కాదు, డాక్టర్‌గారికి వెయ్యి. ఈ మాటల్లోనే వెయ్యి, సిగ్గుపడకు" అన్నాను.

డాక్టర్‌గారు కొట్టిపారేయలేదు. ఆ వారం మావయ్యకి మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నట్టు తేలింది. మందులు వాడి మూడు వారాల తర్వాత మళ్లీ చేయించారు. న్యూట్రోఫిల్స్ 66, లింఫోసైట్స్ 24. అంటే మూడు కంటే తక్కువ. ఇక్కడ ఒక సంగతి చూడండి. మోరల్ పాయింట్ల ప్రకారం మొదటి రిపోర్టుకి సైజు 3, ఎన్‌ఎల్‌ఆర్ 6, మొత్తం 9. రెండో రిపోర్టుకి 3 మాత్రమే. మూడు వారాల్లో ఎక్కువ ప్రమాదం ఉన్న గుంపులోంచి బయటికి వచ్చేశారు. గడ్డ మాత్రం అంగుళం కదల్లేదు. మొదటి కాగితం చూసి ఆపరేషన్ మానేసినా తప్పే అయ్యేది. రెండో కాగితం చూసి ఇక ఏ భయమూ లేదనుకున్నా తప్పే అయ్యేది. రక్తనాళం ద్వారా గడ్డకి మందు పంపే కీమో ఎంబోలైజేషన్ చేసి, మూడు నెలలు ఆగి, గడ్డ అదుపులోనే ఉందని స్కాన్‌లో చూసుకున్నాకే ముందుకెళ్లారు. ఆపరేషన్ అయి ఎనిమిది నెలలైంది, ఇద్దరూ తిరుగుతున్నారు. ఎన్‌ఎల్‌ఆర్ తగ్గింది కాబట్టే మావయ్య బాగున్నారని నేను అనను. ఒక్క మనిషి ఎప్పుడూ రుజువు కాదు.

నాకర్థమైంది ఇది. మిలాన్ లాంటి నియమం తలుపు. తలుపు రోజుకో సైజులో ఉండకూడదు. ఎన్‌ఎల్‌ఆర్ తలుపు కాలేదు, అది కాలింగ్ బెల్. మోగితే లేచి వెళ్లి ఎవరొచ్చారో చూడాలి. ఇన్‌ఫెక్షన్ అయితే పంపించేయాలి. ఇన్‌ఫెక్షన్ లేదు, స్టెరాయిడ్ లేదు, మళ్లీ మళ్లీ చేయించినా ఎక్కువే ఉందంటే అప్పుడు నిజంగా ఆలోచించాలి. ఊపిరితిత్తులు, ఎముకలు మరోసారి చూడాలి. ఏఎఫ్‌పీ ఏ దిక్కుకి పోతోందో గమనించాలి. గడ్డకి చికిత్స చేసి కొన్నాళ్లు ఆగి చూడాలి. ఆగడం కూడా ఒక పరీక్షే. అమెరికాలో 2015 నుంచి క్యాన్సర్ రోగులకి అదనపు ప్రాధాన్యం ఇచ్చే ముందు ఆరు నెలలు ఆపుతున్నారు. దూకుడు గడ్డ ఆ ఆరు నెలల్లో తన బుద్ధి తనే బయటపెట్టుకుంటుంది.

ఇక బతికున్న దాత విషయం. జీవన్‌దాన్ లాంటి జాబితాలోంచి వచ్చే కాలేయం ఒకరికి ఇస్తే ఇంకొకరికి లేనట్టే. అందుకే అక్కడ అందరికీ ఒకే గీత ఉండాలి. కొడుకో భార్యో ఇచ్చేటప్పుడు జాబితాలో ఎవరికీ అన్యాయం జరగదు. అందుకని మన దగ్గర మిలాన్ దాటినవాళ్లకి కూడా చాలాచోట్ల చేస్తారు. కానీ ఖర్చు లేదని కాదు, ఆ ఖర్చు దాత పెట్టుకుంటాడు. కుడివైపు భాగం ఇస్తే కాలేయంలో దాదాపు అరవై శాతం పోతుంది. రెండు మూడు నెలల్లో చాలావరకు పెరుగుతుంది, నిజమే. దాత ప్రాణానికే ముప్పు వచ్చేది వెయ్యిలో ఇద్దరి నుంచి ఐదుగురికి అని చెబుతారు. చిన్న అంకే. అయినా ఆ అంకె మోసేది ఒక ఆరోగ్యవంతుడు. అవతల లాభం ఎంత ఉండొచ్చో తెలుసుకునే హక్కు అతనికుంది. "నాన్నకి ఇవ్వడానికి లెక్కలు వేస్తావా" అని ఇంట్లో ఎవరూ అనకూడదు. లెక్క వేసి ఇచ్చినవాడి ప్రేమ ఏమీ తగ్గదు. లెక్క చూశాక వద్దనుకున్నా అతన్ని దోషిని చేయకూడదు.

అలాంటి పరిస్థితి మీ ఇంట్లో వస్తే డాక్టర్‌గారిని అడగాల్సినవి నాలుగు. గడ్డ మిలాన్ లోపల ఉందా, దాటితే ఎంత దాటింది? ఏఎఫ్‌పీ మొదట్లో ఎంత, చికిత్స తర్వాత ఎంత? ఎన్‌ఎల్‌ఆర్ ఎక్కువుంటే వేరే కారణం వెతికారా, మళ్లీ చేయించారా? కొన్నాళ్లు ఆగి చూస్తే నష్టమా, లాభమా? ఈ నాలుగూ కాగితం మీద రాసుకుని వెళ్లండి. అక్కడికెళ్లాక మర్చిపోతాం.

ఇది చదివి రేపు పొద్దున్నే పాత రిపోర్టులన్నీ తీసి భాగహారాలు వేసేవాళ్లకి ఒక మాట. ఈ అంకె క్యాన్సర్ ఉందో లేదో చెప్పదు. జలుబు చేసిన వారం అది నాలుగు కావచ్చు. కంగారు పడకండి. అంతకంటే పనికొచ్చేవి వేరే ఉన్నాయి. ఇంట్లో ఎవరికైనా సిరోసిస్ ఉంటే ఆరు నెలలకోసారి కడుపు స్కానింగ్, దాంతోపాటు ఏఎఫ్‌పీ చేయించండి. గడ్డ రెండు సెంటీమీటర్లప్పుడు దొరికితే ఇంత వాదన అవసరమే రాదు. హెపటైటిస్ బి ఉందో లేదో ఒక్కసారి చూపించుకోండి. పుట్టిన బిడ్డకి మొదటి రోజే టీకా వేయించండి. మా బావ కూతురికి మూడు డోసులూ అయ్యాయో లేదో అని మావయ్యే ఆస్పత్రి మంచం మీంచి అడిగి మరీ కనుక్కున్నారు.